పెద్దాయన బూటులో పిట్టపిల్ల

ఆ రోజుల్లో పెళ్ళిచూపులంటే గంట పని. ఆ రోజుల్లో అన్నానని ఎడ్లబండ్ల కాలం అనుకునేరు. అప్పటికే చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, ఒంగోల్లో ఏసీ బట్టల షాపులున్నాయి, నేను ఓ గ్రానైటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేస్తున్నాను. అయినా పెళ్ళిచూపులు మాత్రం మా అమ్మ కాలంలో ఎలా జరిగేవో అలాగే జరిగేవి. కారు ఆగుతుంది. మంచినీళ్ళు, ఓ స్వీటు, ఓ హాటు, కాఫీ. అమ్మాయి ఏం చదివింది, అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు, ఈ ఏడు మిరపకి తెగులెలా ఉంది. ఆ తర్వాత "ఇంటికెళ్ళి ఫోను చేస్తామండీ" అని లేచి, చెప్పులేసుకుని, కారెక్కడం. అంతా గంటలో అయిపోవాలి. అది ఎంత తెలివైన ఏర్పాటో నాకు ఆలస్యంగా అర్థమైంది. గంటసేపు ఎవరైనా మంచివాళ్ళుగా ఉండగలరు. రెండో గంట నుంచే కష్టం.

మాది సింగరాయకొండ. నాన్న పొగాకు కంపెనీలో సూపర్‌వైజరు. నేనొక్కదాన్నే కూతుర్ని. మధ్యాహ్నం పూట మా ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. నాకు ఆ నిశ్శబ్దమంటే ప్రాణం. అందుకే సంబంధాలు చూడ్డం మొదలుపెట్టినప్పుడు నేను ఒకే ఒక్క షరతు పెట్టాను: వేరు కాపురం ఉండాలి. "అత్తగారు ఒక్కరుంటే సర్దుకుంటాను. బావగార్లు, తోటికోడళ్ళు, వాళ్ళ పిల్లలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు... ఆ సంత నావల్ల కాదు" అని అమ్మకి ముఖం మీదే చెప్పేశాను. (ఇరవై నాలుగేళ్ళప్పుడు మనకేం కావాలో మనకి మహా స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాతే ఎందుకో మసకబారుతుంది.) మా ఇంట్లో సంబంధాలకి పేర్లుండేవి కావు, ఉద్యోగాలే పేర్లు. 'రైల్వే' జాతకాలు కుదరక పోయాడు. 'లెక్చరరు' నన్ను చూసి వెళ్ళి ఫోను చెయ్యడం మర్చిపోయాడు. అప్పుడు మా మేనత్త 'కోల్డ్ స్టోరేజీ'ని తెచ్చింది. గుంటూరులో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. "ఊళ్ళో పొలాలున్నాయి గానీ అబ్బాయి మాత్రం గుంటూరులో ఫ్లాటు తీసుకుని ఒక్కడే ఉంటాడు. నీకోసం చేసి పెట్టినట్టున్నాడే!" అంది మేనత్త. మేనత్త సంబంధాల గురించి చెప్పేటప్పుడు కళ్ళు మూసుకుని చెబుతుంది. అది భక్తి అనుకునేవాళ్ళం.

ఆ వేసవిలోనే మా వసారా పక్కనున్న నిమ్మచెట్టులో పిట్టలు గూడు కట్టాయి. మట్టిరంగు ఒళ్ళు, పసుపు ముక్కు, ఎప్పుడూ ఎవరిమీదో మండిపడుతున్నట్టుండే తెల్లకళ్ళు. ఒంటరిగా ఒక్కటీ కనపడదు. ఆరో ఏడో కలిసి నేల మీద గెంతుతూ, ఆకులు తిరగేస్తూ, ఒకదానితో ఒకటి ఎడతెగకుండా తగువాడుతున్నట్టు అరుస్తూ తిరుగుతాయి. వాటి అసలు పేరేమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు, గోలపిట్టలనేవాళ్ళం. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక తమాషా మొదలైంది. ఒకటి పురుగు తెచ్చి పిల్ల నోట్లో పెట్టి వెళ్ళేది, దాని వెనకే ఇంకొకటి, అది కదిలేసరికి మూడోది. ఓ పిట్ట పిల్లల రెట్టని ముక్కున కరుచుకుని దూరంగా పారేసి వచ్చేది. ఇంకోటి కొమ్మ చివర కూర్చుని కాపలా. "ఇన్నాళ్ళబట్టీ చూస్తున్నా, వీటిల్లో తల్లి ఏదో నాకు తెలిసి చావట్లేదే" అని అమ్మ బియ్యం ఏరుతూ ఆశ్చర్యపోయేది. పెళ్ళివాళ్ళు వచ్చేముందు ఈ గోల ఏమిటని నాన్న గూడు తీయించేస్తానన్నాడు. "పెళ్ళిమాటలు నడుస్తుంటే ఎవరన్నా గూడు పీకుతారా?" అని అమ్మ కసిరింది. గూడు మిగిలింది.

రోహిణి కార్తె ఎండలో, ఓ ఆదివారం వాళ్ళొచ్చారు. కార్లోంచి ముగ్గురు దిగారు: పెళ్ళికొడుకు, అతని వదిన, అతని పెదనాన్న. తండ్రి లేని ఆ ఇంట్లో మాట ఆ పెదనాన్నదే. (వాళ్ళమ్మగారు మోకాళ్ళ నొప్పులని రాలేదు.) పెద్దాయనది తెల్లపంచె, తెల్లచొక్కా, కింద మాత్రం నల్లటి బూట్లు. నాన్న వాటివంక వింతగా చూస్తే ఆయనే చెప్పారు. "షుగరండీ. పాదానికి పుండుపడి ఇప్పుడిప్పుడే మానింది. డాక్టరు కొలత తీసి చేయించిన మెత్తటి బూట్లు. ఇవి తప్ప ఇంకోటి తొడగొద్దన్నాడు." ఎండలో ఉంటే లోపల కాలుతుందని వాటిని వసారా మెట్టు పక్కన, నిమ్మచెట్టు నీడలో జాగ్రత్తగా విడిచి లోపలికొచ్చారు.

తర్వాత అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. నేను గంజిపెట్టిన మంగళగిరి చీర కట్టుకుని మిరపకాయ బజ్జీల ప్లేటు పట్టుకొచ్చాను. "అన్నీ అమ్మాయే చేసిందండీ. వంటలో దాని చెయ్యే వేరు" అంది మేనత్త కళ్ళు మూసుకుని. పెళ్ళికొడుకు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆఫీసుకి బస్సులో వెళ్తారా అండీ?" "రైల్లో" అన్నాను. "ఓహో" అన్నాడు. నేను మనసులో మార్కులు వేశాను: తక్కువ మాట్లాడతాడు, ఫ్లాటులో ఒక్కడే ఉంటాడు, బజ్జీకి వంక పెట్టలేదు. పాస్. గంట కాకుండానే పెద్దాయన లేచి, "సరేనండీ, ఇంటికెళ్ళి ఫోను చేస్తాం" అన్నారు. ఫోను వస్తుందని ఆయన గొంతులోనే తెలుస్తోంది. అమ్మ ముఖం వెలిగిపోయింది.

ఆయన మెట్టు దగ్గరికెళ్ళి బూటులో కాలు పెట్టబోయారో లేదో, నిమ్మచెట్టంతా ఒక్కసారి విరుచుకుపడింది. ఆరేడు పిట్టలూ అరుస్తూ ఆయన తలచుట్టూ రెక్కలు కొట్టాయి. పెద్దాయన వెనక్కి తూలితే పెళ్ళికొడుకు పట్టుకున్నాడు. తీరా చూస్తే, కుడిబూటులో మడమ ఉండాల్సిన చోట ఓ పిట్టపిల్ల కూర్చుని ఉంది. తోక ఇంకా సరిగా మొలవలేదు, ఎగరడం రాదు. గూట్లోంచి దూకి, గెంతుకుంటూ వచ్చి, ఊళ్ళో ఇంత మెత్తటి చోటు ఇంకోటి లేదన్నట్టు అందులో సర్దుకుంది. మేమంతా నిలబడి చూస్తుండగానే ఓ పిట్ట దిగి దాని నోట్లో పురుగు పెట్టి పోయింది.

"ఇదెంతపని!" అని నాన్న గొడుగు తెచ్చి బూటుని పక్కకి జరపబోయాడు. పిట్టలు గొడుగుని వదిలేసి ఆయన బట్టతలని చూసుకున్నాయి. గొడుగు అక్కడే పడేసి ఆయన లోపలికొచ్చాడు. మేనత్త ధైర్యం చేసి చీపురుతో వెళ్ళి, కొప్పులోని మల్లెలు సగం వదులుకుని వచ్చింది. పిల్లని చేత్తో తీసి కొమ్మ మీద పెడదామన్నాడు పెళ్ళికొడుకు. "అయ్యో వద్దు నాయనా! మనిషి చెయ్యి తగిలితే ఇక దాన్ని దగ్గరికి రానివ్వవంట" అంది అమ్మ. (అది నిజం కాదని తర్వాత ఎక్కడో చదివాను. ఆ రోజే చదివుంటే నా జీవితం ఇంకోలా ఉండేది.) బూటు వంచి కింద దులిపేద్దామంటే, గోడమీద పక్కింటివాళ్ళ పిల్లి ముందుకాళ్ళు ముడుచుకుని కూర్చుని మాకన్నా శ్రద్ధగా చూస్తోంది.

నాన్న తన చెప్పులిస్తానన్నాడు. పెళ్ళికొడుకు వదిన ఒప్పుకోలేదు. "వద్దండీ, ఒరుసుకుని మళ్ళీ పుండు లేస్తే చాలా కష్టం." కారు లోపలికి తెద్దామంటే మా గేటు చాలదు. "నేను ఎత్తుకెళ్ళి కార్లో కూచోబెడతా పెదనాన్నా" అన్నాడు పెళ్ళికొడుకు. "ఏరా, నేనేమన్నా మిరపకాయల టిక్కీ బస్తానా భుజానేసుకోడానికి? అయినా బూటు ఇక్కడ వదిలేసి ఇంటికాడ ఏమేసుకుని నడవను?" అని ఆయన వసారాలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అదే పోద్దిలే. కాసేపు కూచుందాం."

అలా రెండో గంట మొదలైంది.

రెండో గంటలో మొదట మోగింది పెద్దాయన ఫోను. ఆయనకి కాస్త చెవుడు, అందుకని స్పీకరు పెట్టి మాట్లాడతారు. ఫ్యాను చప్పుడు మాత్రమే తెలిసిన మా ఇంట్లో ఆ గొంతులు ఒకదాని తర్వాత ఒకటి మారుమోగాయి. "బావగారూ, మాత్ర వేసుకున్నారా? తినే వేళయింది." అది పెట్టెయ్యగానే ఇంకోటి. "పెదనాన్నా, ఎక్కడిదాకా వచ్చారు? వచ్చేటప్పుడు మందుల షాపు దగ్గర ఆపండి." ఆ తర్వాత ఎవరో పిల్ల, "తాతయ్యా, అమ్మాయి బాగుందా?" (పెద్దాయన నావంక చూసి దగ్గారు.) చివరికి ఓ కుర్రాడి గొంతు. "పెదనాన్నా, అన్నయ్య గదికి కూలరు బిగించేవాడొచ్చాడు. ఏ కిటికీకి పెట్టమంటాడో అడుగు."

"అడిగేదేముంది రా? మేడమీద తూర్పు కిటికీకి పెట్టమను. రోజూ వాడు పడుకునేది అక్కడేగా!"

ఫోను పెట్టేశారు. అమ్మే నెమ్మదిగా అడిగింది. "అన్నయ్యగారూ, మరి గుంటూరులో ఫ్లాటు?"

"ఏం ఫ్లాటమ్మా? పెదకాకాని నుంచి గుంటూరు ఎంత దూరం? బండేసుకుని పోయొస్తాడు. మా ఇంట్లో వేరుపడ్డం ఇంతవరకూ లేదు. పదిమందికి పైనే ఉన్నాం, అందరికీ ఒకటే పొయ్యి."

అందరం మేనత్తవంక చూశాం. ఆవిడ కళ్ళు పూర్తిగా తెరుచుకుని పిట్టల్ని లెక్కపెడుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాని అక్కడా నెమ్మది దొరకలేదు. పెద్దాయన వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయని అమ్మ కంగారుగా నా వెనకే వచ్చింది, ఆవిడ వెనకే పెళ్ళికొడుకు వదిన కొంగు దోపుకుంటూ వచ్చేసింది. సంబంధం కుదరకుండా ఆ ఇంట్లో అన్నం తినకూడదు కదా అని వసారాలోంచి పెద్దాయన అరిస్తే, "ఆ సంగతి షుగరుకి తెలీదు మావయ్యా, మీరు కూచోండి!" అని అంతకన్నా గట్టిగా అరిచింది. చూస్తుండగానే పప్పు కుక్కరెక్కింది, వంకాయలు నీళ్ళలో పడ్డాయి. ఆవిడ బియ్యం కడిగి, గిన్నె నా ముందు పెట్టి అడిగింది. "ఎసరెంత పెడతావమ్మా మీ బియ్యానికి?"

నేను ఏమాత్రం తడుముకోకుండా చెప్పాను. "అరగంట."

అమ్మ వంకాయ మీంచి తల ఎత్తలేదు. పెళ్ళికొడుకు వదిన నావంక చూసింది, గిన్నెవంక చూసింది, కొళాయి తిప్పి బియ్యం మీద వేలు ఆనించి కొలత చూసుకుని తనే నీళ్ళు పోసేసింది. "ఎసరంటే నీళ్ళమ్మా, అన్నం ఉడకడానికి" అంది చాలా మర్యాదగా. గిన్నె పొయ్యి మీద పెట్టి, "అయితే బజ్జీలు?" అంది. "అమ్మ" అన్నాను. "బాగున్నాయిలే" అని నవ్వి ఊరుకుంది. ఫ్లాటు గురించి ఆ తర్వాత అంత కోపంగా ఉండటం నాకు కొంచెం కష్టమైపోయింది.

వసారాలో ఈలోగా నాన్నకీ పెద్దాయనకీ వాదన మొదలైంది. "అదిగో తల్లి వచ్చింది" అంటారు పెద్దాయన. "ఇందాక తెచ్చింది తల్లన్నారు కదండీ?" అంటాడు నాన్న. "అది తండ్రండీ." "మరి ఈ మూడోది?" "బాబాయేమో." "అదిగో, ఇంకోటి దిగిందండీ." "అబ్బా, ఉండండి, నన్ను సరిగ్గా చూడనివ్వండి!" పురుగు తెచ్చిన ప్రతిదానికీ వరస కలిపి, వరసలు అయిపోయేసరికి ఇద్దరూ అలిసిపోయి విస్తళ్ళ ముందు కూర్చున్నారు. గోంగూర పచ్చడి రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు పెద్దాయన.

భోజనాలయ్యాక పెళ్ళికొడుకు పెరట్లో కొళాయి దగ్గరికొచ్చాడు. తువ్వాలు ఇవ్వమని అమ్మ నన్ను తోసింది. ఇచ్చి వెళ్ళిపోదామనుకున్నాను, కానీ అక్కడే నిలబడ్డాను.

"ఫ్లాటు సంగతి నేను చెప్పింది కాదండీ. అలా చెప్పారని నాకు ఇవాళే తెలిసింది" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"బజ్జీలు నేను చెయ్యలేదు" అన్నాను.

"తెలుసండీ. వదిన చెప్పింది."

"అప్పుడేనా!"

"మా ఇంట్లో ఏదీ అరగంట దాటి దాగదండీ" అన్నాడు. ఆ అరగంట అనే మాట మీద నవ్వు ఆపుకోవడం స్పష్టంగా కనిపించింది. ఎసరు సంగతి కూడా చేరిపోయిందన్నమాట.

"సరిగ్గా నా భయం అదేనండీ. అంతమందిలో మీరెలా ఉంటారు? విసుగనిపించదా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "అనిపిస్తుంది. అప్పుడు మేడెక్కి కూచుంటా. కాసేపటికి ఎవరో ఒకరు కాఫీ పట్టుకొస్తారు. మళ్ళీ విసుగొస్తుంది. కిందకి దిగుతా." తువ్వాలు మడతపెట్టి నా చేతికిచ్చాడు. "వేరుగా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలీదండీ. మీకోసం నేర్చుకుంటానని మాటివ్వలేను. ఒక అబద్ధం అయిందిగా, రెండోది ఎందుకు?"

నేను కూడబెట్టుకున్న కోపం అక్కడ సగం ఖర్చయింది. మిగతా సగంతో ఏదో అనబోతుండగా ముందు వసారాలో అరుపులు లేచాయి. పరుగెత్తాం. అందరం భోజనాలు చేసి ఏమరిచేసరికి పిల్లి గోడ దిగింది. నేలకి అతుక్కుని బూటు వైపు పాకుతోంది. పిట్టలన్నీ దానిమీద ఎగబడ్డాయి. ఓ పిట్ట దాని ముందు నేలమీదే రెక్కలు విప్పుకుని నిలబడింది, రెండు దాని తోక మీద పొడుస్తున్నాయి. పిల్లి పంజా విసిరితే ఓ ఈక గాల్లోకి లేచింది. పెళ్ళికొడుకు చెప్పుల్లేకుండానే కాలుతున్న సిమెంటు గచ్చు మీదకి దూకి, అరుస్తూ, కాళ్ళు కాలి గెంతుతూ దాన్ని తరిమాడు. "హుష్! హుష్!" అంటూ పెద్దాయన కూడా ఒట్టికాళ్ళతో ఎండలోకి దిగబోతే వదిన రెండు చేతులా వెనక్కి లాగింది. నాన్న గొడుగు విసిరాడు. అది పెళ్ళికొడుక్కి తగిలింది. పిల్లి గోడెక్కి, ఈ మనుషులకి మర్యాద తెలియదన్నట్టు మావంక ఓసారి చూసి దూకిపోయింది.

ఆ గందరగోళంలో పిల్ల బూటు అంచు మీదకి ఎక్కింది. అది మెట్టు మీదకి దూకి, బోర్లాపడి, లేచి, రెక్కలు టపటపలాడించి, ఎలాగో నిమ్మచెట్టు కింది కొమ్మని పట్టుకుంది. మిగతావన్నీ వెళ్ళి దానికి అటూ ఇటూ ఆనుకుని కూర్చున్నాయి. పొద్దుటినుంచీ మొదటిసారి వాటి నోళ్ళు మూతపడ్డాయి. "అమ్మయ్య" అన్నారు పెద్దాయన. అప్పుడే మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

బూటులో రెట్ట, సగం పురుగు మిగిలాయి. అమ్మ గుడ్డతో శుభ్రంగా తుడిచి ఫ్యాను కింద పెట్టింది. అది ఆరేలోగా ఇంకోసారి కాఫీ. ఎండ తగ్గాక బయల్దేరుతూ పెద్దాయన అలవాటుకొద్దీ "ఇంటికెళ్ళి ఫోను..." అని ఆగిపోయారు. నావైపు తిరిగి, "మేం చెయ్యడమేందమ్మా? అబద్ధం విన్నది మీరు. ఫోను నువ్వే చెయ్యి. వద్దనుకున్నా సరే, చేసి చెప్పు" అన్నారు.

నేను ఆ రాత్రి అమ్మతో కుదరదన్నాను. మర్నాడు చూద్దామన్నాను. ఆ తర్వాత ఇల్లు చూడకుండా ఏమీ చెప్పలేనన్నాను. అబ్బాయి ఇంటికి అమ్మాయి పెళ్ళిచూపులకి వెళ్ళడమేమిటని మేనత్త బుగ్గలు నొక్కుకుంది కానీ, ఆవిడ మాట చెల్లే రోజులు కావవి. పెదకాకాని గుళ్ళో దర్శనం చేసుకుని, వాళ్ళకి చెప్పకుండా నేనూ అమ్మా ఆ ఇంటికెళ్ళాం. చెబితే సర్దేసుకుంటారు, సర్దని ఇల్లు చూడాలి అని నా పంతం. వీధి తలుపు బార్లా తీసుంది. లోపల టీవీ, మిక్సీ, ఎవరో ఫోన్లో పత్తి విత్తనాల మీద తగువు. అమ్మ కాళ్ళు కడుక్కోడానికి కొళాయి దగ్గర ఆగింది. నేను గుమ్మంలో నిలబడి, ఇల్లంతా ఓసారి పైనుంచి కిందికి చూసి, ఇది జరిగే పని కాదు అని దాదాపు నిశ్చయించుకున్నాను.

అప్పుడు లోపలినుంచి ఒకావిడ చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని గబగబా వచ్చి, నన్ను చూసి, "ఇదిగో, కాస్త వీణ్ణి పట్టుకో అమ్మా, పాలు పొంగుతున్నాయి" అని నా చేతుల్లో పెట్టేసి వెళ్ళిపోయింది. నేనెవరో అడగలేదు. ఇంకొకావిడ అటుగా పోతూ, "కక్కుతాడు, చీర జాగ్రత్త" అని నా భుజమ్మీద ఓ పాతగుడ్డ వేసింది. ఆవిడా అడగలేదు. ఓ ముసలావిడ మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, పిల్లాడి కాళ్ళు సవరించి, అప్పుడు అడిగింది. "ఎవరమ్మాయివే తల్లీ?"

ఆ పిల్లాడు నా తోటికోడలి కొడుకు. ఇప్పుడు నాకన్నా జానెడు పొడుగు, పిన్నీ అని పిలుస్తూనే నామీద కేకలేస్తాడు. వాడు నామీద అరిచినప్పుడల్లా నాకు ఆ గుమ్మంలోని అమ్మాయి కనపడుతుంది. గంజిచీర కట్టుకుని, మోచేతులు బిగించి, కాలే మూకుడుని పట్టుకున్నట్టు ఒక పిల్లాణ్ణి పట్టుకుని, ముసలావిడ ప్రశ్నకి ఏం చెప్పాలో తెలియక నిలబడి ఉంది. బయట కొళాయి దగ్గర్నుంచి వాళ్ళమ్మ కళ్ళతోనే అడుగుతోంది, ఏమంటావని. ఉండమ్మా, ఇంకా ఆలోచించుకోవాలి అన్నట్టు ఆ పిల్ల గంభీరంగా తల ఊపుతోంది. పాపం, ఇంకా ఆలోచించుకుంటున్నాననే అనుకుంటోంది.